బడికి వెళ్ళే బాటకు భద్రత – ప్రభుత్వ నిధులు, నిబంధనలు, బాధ్యతలు

(ప్రత్యేక వ్యాసం)

పాఠశాల భవనం, ఉపాధ్యాయుడు, పాఠ్యపుస్తకం, మధ్యాహ్న భోజనం – ఈ నాలుగింటికీ ప్రభుత్వ బడ్జెటులో వేర్వేరు పద్దులున్నాయి. విద్యార్థి ఇంటి గడప దాటినప్పటి నుంచి పాఠశాల గేటు చేరేవరకు నడిచే దారికి మాత్రం సాధారణంగా ఒక పద్దు అంటూ కనిపించదు. ఆ దారి విద్యాశాఖ ఆస్తి కాదు. అది కొంతమేర గ్రామపంచాయతీది, కొంతమేర పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిది, మరికొంత రహదారులు, భవనాల శాఖది. జాతీయ రహదారి దాటవలసి వస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థది. పిల్లవాడు మాత్రం ఒక్కడే. ఒక్క కిలోమీటరు నడకలో అతడు మూడు, నాలుగు శాఖల పరిధులు దాటుతాడు. ఆ దారి భద్రతకు ఏ చట్టం ఏమి చెబుతున్నది, ఏ నిధులు అక్కరకు వస్తాయి, ఇతర రాష్ట్రాలు, దేశాల అనుభవం ఏమి నేర్పుతున్నది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

నడక దూరమే చట్టానికి ప్రాతిపదిక

బాలల ఉచిత, నిర్బంధ విద్యా హక్కు చట్టం, 2009 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆవాస ప్రాంతానికి సమీపంలోనే పాఠశాల ఉండాలన్నది ఈ చట్టంలోని కీలక సూత్రం. ఈ చట్టం కింద 2010లో రూపొందిన కేంద్ర నిబంధనలలోని 6వ నిబంధన ప్రకారం 1 నుంచి 5వ తరగతి వరకు పాఠశాల 1 కిలోమీటరు నడక దూరంలోను, 6 నుంచి 8వ తరగతి వరకు 3 కిలోమీటర్ల నడక దూరంలోను ఉండాలి. అంటే పిల్లలు నడిచి వస్తారన్నది చట్టమే ఊహించిన విషయం. ఆ నడక క్షేమంగా సాగేటట్లు చూడడం చట్టం అమలులో భాగమే తప్ప అదనపు సౌకర్యం కాదు.

అదే నిబంధనలో అంతగా ప్రచారం పొందని మరొక అంశమున్నది. కొండలు, వరదలు, కొండచరియలు విరిగిపడే ప్రమాదం, రోడ్డు లేకపోవడం వంటి కారణాల వల్ల గాని, మరే విధంగానైనా గాని ఇంటి నుంచి బడికి వచ్చే దారి చిన్నపిల్లలకు అపాయకరమైనప్పుడు, పైన చెప్పిన దూర పరిమితులను తగ్గించి, ఆ అపాయం తప్పే విధంగా పాఠశాలను నెలకొల్పవలసి ఉంటుంది. పాఠశాల ఏర్పాటుకు వీలుకాని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా, వసతి వంటి ఏర్పాట్లు చేయాలి. వైకల్యం కారణంగా బడికి రాలేని బాలలకు సురక్షిత రవాణా కల్పించేందుకు కృషి చేయాలి. కాబట్టి వాగు అవతలి తండాకు, జాతీయ రహదారి అవతలి కాలనీకి పాఠశాల దూరాన్ని పటంపై గీత గీసి కొలిచి ఊరుకోవడం సరిపోదు. ఆ గీత మధ్యలో ఏమున్నదో కూడా చూడవలసి ఉన్నది.

ఎంతమంది నడుస్తున్నారు

జాతీయ గణాంక కార్యాలయం 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు జరిపిన 75వ విడత సర్వే ప్రకారం దేశంలో ప్రతి పదిమంది విద్యార్థులలో సుమారు ఆరుగురు కాలినడకన విద్యాసంస్థకు వెళ్తున్నారు. బాలురకంటె బాలికలలో నడిచి వెళ్ళేవారి శాతం ఎక్కువ. పాఠశాల బస్సులు, ఆటోలు, వాహనాల భద్రతపై జరిగే చర్చలో పదోవంతు కూడా ఈ నడిచే పిల్లల గురించి జరగడం లేదు. బస్సులో వచ్చే విద్యార్థికి పర్మిట్టు, ఫిట్‌నెస్ ధ్రువపత్రం, డ్రైవరు లైసెన్సు వంటి నియమాల రక్షణ ఉన్నది. నడిచి వచ్చే విద్యార్థికి ఉన్న రక్షణ రోడ్డు అంచు మాత్రమే.

కేంద్ర రహదారి రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ప్రచురించిన నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. వీరిలో 32,825 మంది పాదచారులు. అంటే రోడ్డుపై మరణించిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు ఏ వాహనమూ ఎక్కనివారే. అదే సంవత్సరం 18 ఏళ్ళలోపు వారు 9,528 మంది ప్రాణాలు కోల్పోయారు. సగటున రోజుకు 26 మంది. ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతి గదిలో కూర్చునే పిల్లల సంఖ్య అది.

వేగం లెక్క

పిల్లలకు రోడ్డు దాటడం ఎందుకు కష్టమో సామాన్య గణితమే తెలియజేస్తుంది. రెండు వరుసల రోడ్డు సాధారణంగా 7 మీటర్ల వెడల్పు ఉంటుంది. బరువైన సంచి మోస్తూ సెకనుకు 1 మీటరు చొప్పున నడిచే చిన్నపిల్లకు దానిని దాటడానికి 7 సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ 7 సెకన్లలో సుమారు 117 మీటర్లు ప్రయాణిస్తుంది. అంత దూరాన ఉన్న వాహనం ఎంత వేగంగా వస్తున్నదో అంచనా వేయడం పెద్దలకే కష్టం. అదే వాహనం 30 కిలోమీటర్ల వేగంతో వస్తే 7 సెకన్లలో దాదాపు 58 మీటర్లు మాత్రమే వస్తుంది. డ్రైవరుకు పిల్లను గమనించడానికీ, ఆగడానికీ వ్యవధి దొరుకుతుంది.

ఢీకొన్నప్పుడు కలిగే దెబ్బ కూడా వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 50 కిలోమీటర్ల వేగం వద్ద వాహన గతిశక్తి దాదాపు 2.8 రెట్లు. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం సంభవించే అవకాశం 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. ఈ కారణంగానే 2020 ఫిబ్రవరిలో స్వీడన్ రాజధానిలో జరిగిన మంత్రుల స్థాయి ప్రపంచ సదస్సు ఆమోదించిన స్టాక్‌హోమ్ ప్రకటన, పాదచారులు, సైకిలిస్టులు, వాహనాలు కలిసి సంచరించే చోట గరిష్ఠ వేగాన్ని 30 కిలోమీటర్లకు పరిమితం చేయాలని కోరింది. పిల్లలకు రోడ్డు నియమాలు నేర్పడం అవసరమే. అయితే ఏడేళ్ళ బాలిక జాగ్రత్తపైనే భారమంతా మోపడం సరికాదని ఈ లెక్క చెబుతున్నది.

సైకిలు తెచ్చిన మార్పు

ఎనిమిదవ తరగతి పూర్తయిన తరువాత విద్యా హక్కు చట్టం వర్తించే వయస్సు ముగుస్తుంది. అప్పుడే బడి దూరం పెరుగుతుంది. 2009లో ప్రారంభమైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఉన్నత పాఠశాలకు 5 కిలోమీటర్ల దూరాన్ని లక్ష్యంగా నిర్ణయించింది. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఒకవైపే గంటా పావు. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున సైకిలుపై వెళ్తే అరగంట. బాలిక చదువు కొనసాగడమా, ఆగిపోవడమా అన్నది అనేక కుటుంబాలలో ఈ ముప్పావుగంట తేడాపైనే ఆధారపడి ఉన్నది.

తమిళనాడు ప్రభుత్వం 2001–02లో షెడ్యూల్డు కులాలు, తెగల బాలికలకు ఉచిత సైకిళ్ళ పథకాన్ని చేపట్టి, తరువాత ఇతర విద్యార్థులకు విస్తరించింది. బీహారు ప్రభుత్వం 2006లో ముఖ్యమంత్రి బాలికా సైకిల్ యోజనను ప్రారంభించి, 9వ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుగోలు నిమిత్తం 2,000 రూపాయలు అందజేసింది. ఈ పథకాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ పొరుగునున్న జార్ఖండ్‌తో పోల్చి అధ్యయనం చేశారు. 2017లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం, మాధ్యమిక తరగతులలో తగిన వయస్సు బాలికల నమోదు 32 శాతం పెరిగింది. బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గింది. ఉన్నత పాఠశాల 3 కిలోమీటర్లు, అంతకు మించిన దూరంలో ఉన్న గ్రామాలలోనే ఈ ప్రభావం అధికంగా కనిపించింది. అంటే సైకిలు పనిచేసింది కానుకగా కాదు, రవాణా సాధనంగా. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలలలోని 9వ తరగతి బాలికలకు సైకిళ్ళ పంపిణీ జరిగింది.

ఈ పథకాలు మరొక ప్రశ్నను ముందుకు తెస్తున్నాయి. సైకిలు ఇచ్చిన తరువాత ఆ సైకిలు ఏ రోడ్డుపై నడవాలి? పంపిణీ చేసిన సైకిళ్ళను లెక్కించడం సులభం. అవి నడిచే రోడ్డు అంచు గుంతలమయమా, చీకటిమయమా, లారీల దారా అన్నది ఏ పట్టికలోనూ నమోదు కాదు. దారి భయం గొలిపినప్పుడు సైకిలు ఇంటి గోడకు ఆనుకొని ఉండిపోతుంది. లేదా తల్లిదండ్రులు మైనరు చేతికి మోటారు సైకిలు తాళం ఇస్తారు. మోటారు వాహనాల (సవరణ) చట్టం, 2019 ద్వారా చేర్చిన 199ఏ సెక్షను ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. శిక్ష అవసరమే. దానితోపాటు సురక్షితమైన సైకిలు దారి ఉంటే ఆ తాళం ఇవ్వవలసిన అవసరం తగ్గుతుంది.

ప్రమాణాలు కొత్తగా కనుగొనవలసినవి కావు

బడి దారికి ఏమేమి కావాలన్నది ఇంజనీర్లకు తెలియని విషయం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే 5 నుంచి 12 ఏళ్ళ పిల్లల రోడ్డు భద్రతపై ప్రత్యేకంగా ఐఆర్‌సి ఎస్‌పి 32 అనే మార్గదర్శకాలను వెలువరించింది. పాదచారుల సౌకర్యాలకు ఐఆర్‌సి 103, సైకిలు మార్గాలకు ఐఆర్‌సి 11 (2015), వాహన వేగ నియంత్రణకు ఐఆర్‌సి 99 (2018) ఉన్నాయి. ఫుట్‌పాత్‌పై ఎటువంటి అడ్డంకి లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు నడవడానికి మిగలాలని, దాని అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదని ఐఆర్‌సి 103 నిర్దేశిస్తున్నది. విద్యుత్ స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, దుకాణపు మెట్లు, నిలిపిన వాహనం – వీటిని తీసివేసి మిగిలిన వెడల్పునే కొలవాలన్నది ఇందులో గమనించవలసిన అంశం.

ఈ ప్రమాణాలు 2019 సవరణ తరువాత కేవలం సలహాలుగా మిగిలిపోలేదు. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణకు కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన ప్రమాణాలను పాటించని కారణంగా మరణం గాని, అంగవైకల్యం గాని సంభవిస్తే సంబంధిత అధికార సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంటు లక్ష రూపాయల వరకు జరిమానాకు గురవుతారని మోటారు వాహనాల చట్టంలోని 198ఏ సెక్షను పేర్కొంటున్నది.

నిధులు ఎక్కడ ఉన్నాయి

బడి బాటకు ప్రత్యేక పద్దు లేకపోయినా, వినియోగించుకోదగిన వనరులు లేకపోలేదు. వాటిలో ముఖ్యమైనవి ఈ విధంగా ఉన్నాయి.

1. స్థానిక సంస్థల నిధులు: రాజ్యాంగంలోని 11వ షెడ్యూలులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలతోపాటు ప్రాథమిక, మాధ్యమిక విద్య కూడా పంచాయతీల అంశాలుగా ఉన్నాయి. బడి దారి ఈ రెండు అంశాలకూ చెందుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి ముడిపెట్టినవి కాగా, 40 శాతం జీతాలు, సిబ్బంది ఖర్చులు మినహా స్థానిక అవసరాలకు వెచ్చించేందుకు వీలు కల్పించినవి. పట్టణాలలో 12వ షెడ్యూలు రోడ్లు, వంతెనలు, వీధిదీపాలు, బస్‌స్టాపులను పురపాలక సంఘాల విధులలో చేర్చింది.

2. సమగ్ర శిక్ష: 2018–19లో ప్రారంభమైన ఈ పథకంలో, పాఠశాల ఏర్పాటుకు వీలుకాని మారుమూల ఆవాసాల బాలలకు ఏటా ఒక్కొక్కరికి 6,000 రూపాయల వరకు రవాణా లేదా తోడు వచ్చే వ్యక్తి సౌకర్యానికి అవకాశం కల్పించారు. 2021లో దీనిని మాధ్యమిక స్థాయికి విస్తరించారు. ఇందులో తోడు వ్యక్తి సౌకర్యమన్నది గమనించదగినది. పదిమంది పిల్లలు కలిసి నడిచే తండా నుంచి ఒక పెద్ద మనిషి తోడు వచ్చే ఏర్పాటుకు వాహనం అవసరం లేదు.

3. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన: 2019లో ఆమోదం పొందిన మూడవ దశలో 1,25,000 కిలోమీటర్ల రోడ్ల అభివృద్ధిని లక్ష్యంగా నిర్ణయించి, ఆవాసాలను గ్రామీణ మార్కెట్లతోను, హయ్యర్ సెకండరీ పాఠశాలలతోను, ఆసుపత్రులతోను కలపడానికి ప్రాధాన్యమిచ్చారు. అయితే రోడ్డు బాగుపడిన వెంటనే వాహన వేగం పెరుగుతుంది. పాఠశాల వద్ద వేగ నియంత్రణ పనులను అంచనాలోనే చేర్చకపోతే, మంచి ఉద్దేశంతో వేసిన రోడ్డే పిల్లలకు కొత్త అపాయమవుతుంది.

4. ఎంపీ నిధులు: పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం కింద సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయల మేరకు పనులు సిఫారసు చేసే వీలున్నది. రోడ్లు, నడకదారులు, వంతెనలు ఇందులో అనుమతించిన పనులే. వాగుపై కాలినడక వంతెన ఈ కోవకు చెందుతుంది.

5. సంస్థల సామాజిక బాధ్యత నిధులు: కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను పరిధిలోకి వచ్చే సంస్థలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. రహదారి భద్రతపై అవగాహన, శిక్షణ కార్యక్రమాలు విద్యాభివృద్ధి కిందకు వస్తాయని కేంద్ర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014 జూన్‌లో స్పష్టం చేసింది.

6. రహదారి భద్రతా నిధి: 2017 నవంబరు 30న ఎస్. రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి రాష్ట్రంలోను రహదారి భద్రతా నిధి, జిల్లా రహదారి భద్రతా కమిటీ ఏర్పాటును ఆదేశించింది. వాహన నియమాల ఉల్లంఘనపై వసూలైన జరిమానాల నుంచి ఈ నిధిని సమకూర్చవచ్చు. కేరళ ప్రభుత్వం 2007లోనే ప్రత్యేక చట్టం ద్వారా ఇటువంటి నిధిని నెలకొల్పింది. పాఠశాల వద్ద అతివేగంగా వెళ్ళినవారు చెల్లించిన జరిమానాతో అదే పాఠశాల ముందు వేగ నిరోధకం నిర్మించడం కంటె న్యాయమైన వినియోగం మరొకటి లేదు.

అమెరికా అనుభవం

ఒకే పద్దు కింద నిధులు కేటాయిస్తే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి అమెరికా అనుభవం ఉపకరిస్తుంది. అక్కడ 1969లో ఎనిమిదవ తరగతిలోపు పిల్లలలో 48 శాతం నడచి గాని, సైకిలుపై గాని బడికి వెళ్ళేవారు. 2009 నాటికి ఇది 13 శాతానికి పడిపోయింది. కార్లు పెరిగిన కొద్దీ నడిచే పిల్లలకు అపాయం పెరిగింది. అపాయానికి వెరచి తల్లిదండ్రులు మరిన్ని కార్లలో పిల్లలను దింపడం మొదలుపెట్టారు. ఈ విషవలయాన్ని ఛేదించేందుకు 2000లో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ, మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లలో ఒక్కొక్క దానికి 50,000 డాలర్ల చొప్పున ప్రయోగాత్మకంగా నిధులిచ్చారు. ఆ ఫలితాల తరువాత మిన్నెసోటా ప్రతినిధి జేమ్స్ ఓబర్‌స్టార్ చొరవతో 2005 ఆగస్టులో వెలువడిన రవాణా చట్టం ‘బడికి సురక్షిత మార్గాలు’ అనే జాతీయ కార్యక్రమాన్ని నెలకొల్పింది.

ఆ చట్టం 2005 నుంచి 2009 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాలకు 61.2 కోట్ల డాలర్లు కేటాయించింది. ఏ రాష్ట్రానికీ ఏడాదికి 10 లక్షల డాలర్లకు తగ్గరాదని నియమం విధించింది. స్థానిక సంస్థల వాటా అవసరం లేకుండా ఖర్చంతా కేంద్రమే భరించింది. పేద ప్రాంతాలు వాటా ధనం లేక వెనుకబడకుండా ఇది తోడ్పడింది. నిధులలో 70 నుంచి 90 శాతం ఫుట్‌పాత్‌లు, దాటే చోట్లు, వేగ నియంత్రణ వంటి నిర్మాణాలకు, 10 నుంచి 30 శాతం శిక్షణ, ప్రోత్సాహం, నియమాల అమలుకు వెచ్చించాలని నిర్దేశించింది. ప్రతి రాష్ట్రంలోను పూర్తికాలం పనిచేసే ఒక సమన్వయాధికారిని నియమించాలని ఆదేశించింది. నిధులకు, బాధ్యతకు ఒకే చిరునామా ఏర్పడడం ఈ నియామకం వల్ల కలిగిన ప్రయోజనం.

న్యూయార్క్ నగరంలో ఈ కార్యక్రమం ఫలితాలను పరిశీలించిన ఒక వైద్య పరిశోధన 2013లో ప్రచురితమైంది. పనులు చేపట్టిన ప్రాంతాలలో బడికి వెళ్ళివచ్చే వేళల్లో నడిచే బాలలకు గాయాల రేటు 44 శాతం తగ్గగా, పనులు చేపట్టని ప్రాంతాలలో దాదాపు మార్పు లేదని అది తేల్చింది. 2012లో వచ్చిన చట్టం ఈ కార్యక్రమానికున్న ప్రత్యేక కేటాయింపును తొలగించి, ఇతర పనులతో పోటీపడే ఉమ్మడి నిధిలో కలిపివేసింది. 2021 చట్టం దీనిని 12వ తరగతి వరకు విస్తరించింది. ప్రత్యేక పద్దు ఉంటే పనికి రక్షణ ఉంటుందని, ఉమ్మడి పద్దులో కలిస్తే ప్రతి ఏటా పోరాడవలసి వస్తుందని ఈ చరిత్ర తెలియజేస్తున్నది.

తక్కువ ఖర్చుతో కూడా సాధ్యమే

సంపన్న దేశాలకే ఇది సాధ్యమన్న అభిప్రాయం సరికాదు. టాంజానియాలోని దారుస్సలాం నగరంలో ‘సర్సాయ్’ అనే కార్యక్రమం కింద పాఠశాలల పరిసరాలను పరిశీలించి, ప్రమాదం ఎక్కువగా ఉన్న బడులను ఎంపిక చేసి, వేగ నిరోధకాలు, ఫుట్‌పాత్‌లు, జీబ్రా క్రాసింగ్‌లు, అడ్డు దిమ్మెలు ఏర్పాటు చేశారు. కొన్నిచోట్ల పాఠశాల గేటునే రద్దీ రోడ్డు నుంచి పక్కదారికి మార్చారు. గాయాలు పావు వంతు మేర తగ్గినట్లు పరిశీలనలో తేలింది. 2019లో ఈ కార్యక్రమానికి అంతర్జాతీయ పురస్కారం లభించింది.

గేటు మార్పు అన్నది తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా పనికివచ్చే ఆలోచన. చెన్నై–కోల్‌కతా 16వ జాతీయ రహదారి, హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి, ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా సాగే 44వ జాతీయ రహదారి ఎన్నో ఊళ్ళను రెండుగా చీల్చుకుంటూ పోతున్నాయి. ఊరు ఒకవైపు, బడి మరొకవైపు ఉన్నచోట అండర్‌పాస్, సర్వీసు రోడ్డు అవసరం. వాటికి సమయం, భారీ నిధులు కావాలి. బడి గేటును రహదారి వైపు నుంచి వెనుక వీధి వైపుకు మార్చడానికి మాత్రం ప్రహరీ గోడ పని చాలు. అది విద్యాశాఖ తన సొంత పద్దులోనే చేయగలిగినది.

న్యాయస్థానం ఏమన్నది

అడ్డంకులు లేని ఫుట్‌పాత్‌లను ఉపయోగించుకునే పాదచారుల హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబరు 7న మరొక అడుగు ముందుకు వేసి, మోటారు వాహనాల చట్టంలోని 138(1ఏ) సెక్షను కింద పాదచారులు, మోటారు లేని వాహనాల సంచారంపైన, 210డి సెక్షను కింద జాతీయ రహదారులు కాని రోడ్ల రూపకల్పన, నిర్వహణ ప్రమాణాలపైన ఆరు నెలలలోగా నిబంధనలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. బడి దారుల అవసరాలను ఈ నిబంధనలలో ప్రత్యేకంగా చేర్చడానికి ఇది తగిన సందర్భం.

జిల్లా స్థాయిలో చేపట్టదగిన చర్యలు

ఆరంభం పాఠశాల నుంచే జరగవలసి ఉన్నది. విద్యా హక్కు చట్టంలోని 21వ సెక్షను కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు. సగం మంది మహిళలు. ఈ కమిటీ 22వ సెక్షను కింద పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ప్రభుత్వం, స్థానిక సంస్థ ఇచ్చే గ్రాంట్లకు ఈ ప్రణాళికే ప్రాతిపదిక కావాలని చట్టం చెబుతున్నది. తరగతి గది, మరుగుదొడ్డి, ప్రహరీతోపాటు బడి దారిని కూడా ఈ ప్రణాళికలో చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఏటా జూన్‌లో బడులు తెరిచే నాటికే తొలకరి మొదలవుతుంది. వాగులు పొంగేదీ, రోడ్డు అంచులు బురదమయమయ్యేదీ ఆ రోజులలోనే. కాబట్టి వేసవి సెలవులలోనే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పంచాయతీ కార్యదర్శి లేదా వార్డు అధికారి, పోలీసు సిబ్బంది కలిసి పిల్లలు నడిచే దారులన్నింటినీ ఒకసారి నడిచి చూడడం ప్రయోజనకరం. పెద్దల ఎత్తు నుంచి కాక పిల్లల ఎత్తు నుంచి చూసినప్పుడు ఆగిన ఆటో, పెరిగిన పొద, హోర్డింగు ఏవి దారిని కప్పివేస్తున్నాయో తెలుస్తుంది. ఎక్కడ దాటుతున్నారు, ఎక్కడ చీకటి ఉన్నది, ఆడపిల్లలు ఏ మలుపు వద్ద భయపడుతున్నారు అన్నది పిల్లలనే అడిగి తెలుసుకోవాలి.

ఆ పరిశీలన నుంచి వచ్చిన పనులను మూడు వర్గాలుగా విభజించవచ్చు. పొదల తొలగింపు, వీధిదీపం, గుంతల పూడ్పు, బడి వేళల్లో వాహనాల నిలుపుదల నిషేధం వంటివి వారం రోజులలో పూర్తి కాగలవు. ప్రమాణాల ప్రకారం వేగ నిరోధకం, జీబ్రా క్రాసింగ్, హెచ్చరిక బోర్డులు, గేటు మార్పు ఒక ఆర్థిక సంవత్సరంలో సాధ్యం. ఫుట్‌పాత్, సైకిలు మార్గం, కల్వర్టు, కాలినడక వంతెన, అండర్‌పాస్ దీర్ఘకాలిక పనులు. ఈ జాబితాను జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల జిల్లా రహదారి భద్రతా కమిటీ ముందుంచి, ఒక్కొక్క పనికి ఎదురుగా రోడ్డు ఏ శాఖది, నిధి ఏ పద్దుది, గడువు ఎప్పటిది అన్న మూడు అంశాలు నమోదు చేస్తే బాధ్యత నిర్ధారణ అవుతుంది. కమిటీ సమావేశాలకు జిల్లా విద్యాశాఖాధికారి హాజరు కావడం అవసరం. నడిచే పిల్లల తరఫున మాట్లాడవలసిన వారు ఆ బల్ల వద్ద ఉండాలి.

పాత్రికేయుల పాత్ర

రోడ్డు ప్రమాద వార్తలో సాధారణంగా డ్రైవరు నిర్లక్ష్యం, వేగం ప్రస్తావనకు వస్తాయి. ఆ చోట ఫుట్‌పాత్ ఉన్నదా, వేగ నిరోధకం ఉన్నదా, ఆ రోడ్డు ఏ శాఖ పరిధిలోనిది, గతంలో వినతులు వచ్చాయా అన్న నాలుగు ప్రశ్నలు కూడా వార్తలో చేరితే, ప్రమాదం కేవలం దురదృష్టంగా మిగిలిపోదు. సరిదిద్దదగిన లోపంగా కనిపిస్తుంది. అదేవిధంగా సైకిళ్ళ పంపిణీ వార్తతోపాటు ఆరు నెలల తరువాత ఎంతమంది ఆ సైకిలుపై బడికి వస్తున్నారన్న వార్త కూడా ప్రజలకు అవసరమే.

పిల్లలను బడిలో చేర్పించేందుకు తెలంగాణలో ఏటా జూన్‌లో నిర్వహించే కార్యక్రమానికి ‘బడిబాట’ అని పేరు. ఆ మాటలో బడికి ఎంత చోటున్నదో, బాటకూ అంతే చోటున్నది. చేర్పించిన ప్రతి పిల్లా సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఆ కార్యక్రమం పూర్తయినట్లు. చట్టం ఉన్నది, ప్రమాణాలున్నవి, వనరులున్నవి. వాటిని ఒక్క దారిపైకి తేవడమే శాఖలన్నింటి ముందున్న కర్తవ్యం.